ఈజిప్టు మరియ జీవితం: 17 ఏళ్లా, 47 ఏళ్లా? రొట్టెలు, తేదీలు, చిత్రాలు – అన్నీ ఇక్కడే

#1 తపస్సుకాలం_2
అందరికీ వందనాలండి. తపస్సుకాలం (ఈస్టరుకు ముందు ఉపవాసాల కాలం) ఐదో వారంలో మా చర్చి విచారణ మహిళా సంఘానికి పునీత ఈజిప్టు మరియ జీవితం చెప్పాలి. ఇచ్చింది ఇరవై నిమిషాలు. వాట్సాప్‌లో తిరిగే కథలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఎడారిలో 17 ఏళ్లుందని ఒకటి, 47 అని ఇంకోటి. ఆలయంలో కీర్తనలు పాడేదని ఒకరు, మగ్దలేనె మరియే ఈమె అని మరొకరు. మూలంలో ఉన్న వరుస, లెక్కలు ఎవరైనా చెప్పగలరా?

#2 గ్రీకు_చదువరి
17, 47 రెండూ మూలంలో ఉన్నాయి. పైగా 17 రెండుసార్లు వస్తుంది, గొడవంతా అక్కడే.

లెక్క ఇది. 12వ ఏట ఇల్లు వదిలి అలెగ్జాండ్రియా చేరింది. అక్కడ 17 ఏళ్లకు పైగా విచ్చలవిడి బతుకు. యెరూషలేము ప్రయాణం నాటికి సుమారు 29. యొర్దాను దాటి ఎడారిలోకి వెళ్లాక 47 ఏళ్లకు జోసిమస్ అనే వృద్ధ మఠవాసి కంటబడింది. అంటే 76. ఆ 47లో మొదటి 17 ఏళ్లు పాత కోరికలతో పోరాటం, మిగిలిన 30 ఏళ్లు నెమ్మది. అలెగ్జాండ్రియా 17నీ పోరాటం 17నీ కలగలిపినవాళ్లే "17 ఏళ్లు తపస్సు చేసింది" అని రాస్తున్నారు.

మూలం గ్రీకు. 634 నుంచి 638 వరకు యెరూషలేము పాత్రియార్కుగా (అక్కడి సంఘానికి పెద్దగా) ఉన్న సోఫ్రోనియస్ పేరు మీద నడుస్తోంది. ఆయన రాసిందేనా అని పరిశోధకులకు అనుమానం ఉంది. 9వ శతాబ్దంలో నేపుల్స్‌కు చెందిన పౌలు అనే డీకన్ లాటిన్‌లోకి దించాడు, పడమటి దేశాలకు కథ పాకింది ఎక్కువగా దాని వల్లే.

#3 గ్రీకు_చదువరి
ఇంకో మాట. ఆమె డబ్బు తీసుకునేది కాదు. మూలంలో ఇది గట్టిగా చెప్పి ఉంది. అడుక్కుని, ముతక నార వడికి పొట్ట పోసుకునేది. "వేశ్య" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆమె చెప్పుకున్న పాపం మారిపోతుంది. ఆమె తన మీద వేసుకున్న నేరం ఆకలి కాదు, డబ్బు కాదు, తీరని కోరిక. మహిళా సంఘంలో ఎలా చెప్పాలన్నది మీ ఇష్టం. లేని పేదరికపు సాకు మాత్రం అంటగట్టకండి.

#4 మఠాల_చరిత్ర
అసలు చిక్కు లెక్కల్లో లేదండి, మొదలుపెట్టడంలో ఉంది. తెలుగులో అందరూ "ఈజిప్టులో మరియ అనే అమ్మాయి ఉండేది" అని ఎత్తుకుంటారు. మూలం అలా మొదలవదు, జోసిమస్‌తో మొదలవుతుంది. పసితనం నుంచి మఠంలో పెరిగి, 53వ ఏటికి "నాకు కొత్తగా నేర్పగల మఠవాసి ఎవరున్నారు?" అనుకున్నాడు. ఆ అహంకారానికి మందుగానే యొర్దాను ఒడ్డున ఉన్న మఠానికి పొమ్మని ఆజ్ఞ వచ్చింది. జోసిమస్‌ను పక్కన పెడితే మరియ కథ మామూలు పశ్చాత్తాపం కథగా మిగులుతుంది. ఆమె గతం ఎవరి చెవిన పడుతోంది, ఎందుకు పడుతోంది అన్నదే దీని బలం.

ఆ మఠం పద్ధతి కూడా రెండు వాక్యాల్లో చెప్పండి. ఉపవాసకాలం మొదటి ఆదివారం బలిపూజ అయ్యాక కొంచెం తిని, ఒకరినొకరు క్షమాపణ అడిగి, తలుపులు తీసి, "యెహోవా నాకు వెలుగు" అనే 27వ కీర్తన పాడుతూ యొర్దాను దాటేవారు. ఆలయంలో ఆరాధన ఆగకుండా ఒకరిద్దరు ఉండిపోయేవారు. దోచుకోవడానికి మఠంలో ఏమీ లేదు కాబట్టి కాపలా గొడవ లేదు. దాటాక ఎవరి దారి వారిది. ఇంకొకరు కనిపిస్తే పక్కకు తప్పుకోవాలి. మట్టల ఆదివారానికి తిరిగి రావాలి. ఎలా గడిపావని ఎవరూ ఎవరినీ అడగకూడదు.

#5 ఎడారి_వంట
తిండి సంగతి. ఎవరి శక్తి కొద్దీ వారు పట్టుకెళ్లేవారు: కొంచెం రొట్టె, ఎండు అంజూరాలు, ఖర్జూరాలు, నీళ్లలో నానేసిన మసూర్లు. కొందరు ఏమీ తీసుకోకుండా ఆకలేస్తే మొలిచిన ఆకులే తినేవారు. పొయ్యి లేని తిండి అన్నది గమనించండి. తొక్కతో ఉన్న మసూర్లు రాత్రి నానితే పంటికి లొంగుతాయి, కట్టెలు వెతికే పని ఉండదు.

మరియ రొట్టెల లెక్క కూడా చాలామంది తప్పుతారు. యెరూషలేము ఆలయం నుంచి బయటికొస్తుంటే ఒకరు మూడు నాణేలు చేతిలో పెట్టారు. వాటితో మూడు రొట్టెలు కొని, అమ్మినవాడినే యొర్దానుకు దారి అడిగింది. ఆ రాత్రి నది ఒడ్డున ఒక రొట్టెలో సగం తింది. దాటించింది రెండున్నర. అవి రాయిలా బిగుసుకుపోయాయి, కొన్నేళ్ల పాటు కొద్దికొద్దిగా తింటూ అయిపోగొట్టింది. ఆ తర్వాత ఆకులూ దుంపలూ. "మూడు రొట్టెలతో 47 ఏళ్లు బతికింది" అని మూలంలో లేదు.

#6 అడ్డుప్రశ్న
బూజు పట్టకుండా రొట్టె ఏళ్ల తరబడి ఉంటుందా? కథ కాకపోతే?

#7 ఎడారి_వంట
బూజుకు తడి కావాలి. మృత సముద్రం చుట్టుపక్కల ఎండాకాలం గాలిలో తేమ బాగా తక్కువ. పలచటి రొట్టె అయితే బూజు పట్టేలోపే ఎండి గట్టిపడుతుంది, మందపుదైతే లోపల తడి నిలిచి పాడవుతుంది. అందుకే మఠవాసులు రొట్టెను రెండోసారి కాల్చి నిల్వ చేసేవారు, తినేముందు నీళ్లలో ముంచేవారు. ఈజిప్టు ఎడారి తపసి అంతోని జీవితంలో ఆయన ఆరు నెలలకు సరిపడా రొట్టె దాచుకున్నాడని ఉంది. తీబ్స్ ప్రాంతం రొట్టె ఏడాది కూడా నిలిచేదట. ఈజిప్టు మఠాల గురించి రాసిన యోహాను కాసియన్ చెప్పిన రేషను రోజుకు రెండు చిన్న ఎండు రొట్టెలు, రెండూ కలిపి ఒక రోమన్ పౌను లోపే. అంటే 330 గ్రాములు దాటదు. ఆ లెక్కన చూస్తే మరియ దాటించిన రెండున్నర రొట్టెలు ఎంత పెద్దవైనా వారం, పది రోజుల తిండి. మిగిలిందంతా ఉపవాసమే అనుకోవాలి.

దుంపల విషయంలో ఒక హెచ్చరిక. పలస్తీనా మఠవాసులు అడవి ఉల్లి జాతి దుంపలు తిన్న ప్రస్తావనలు ఉన్నాయి. సిరియకస్ తపసి తిన్నది అదే, ప్రార్థన చేశాక చేదు విరిగిందని ఆయన జీవితంలో రాశారు. మన దగ్గర పొలాల గట్ల మీద కనిపించే అడవి ఉల్లి దానికి దగ్గరి చుట్టమే. రెంటిలోనూ గుండె మీద పనిచేసే విషం ఉంది. పిల్లలకు చెప్పేటప్పుడు "ఆకులు, వేళ్లు తింది" అని ఆపేయండి.

#8 కుంచె_పసుపు
చిత్రాలు చూపించి చెబుతారా? అయితే జాగ్రత్త. గూగుల్‌లో వచ్చేవాటిలో సగం మగ్దలేనెవి.

మూలంలో జోసిమస్ మొదట చూసింది ఎండకు నల్లబడిన ఒళ్లు, ఉన్నిలా తెల్లటి జుట్టు, అదీ మెడ దాటనంత కురచ. తూర్పు సంఘాల చిత్రాలు దీన్నే పట్టుకుంటాయి: ఎముకలు తేలిన భుజాలు, కురచ తెల్ల జుట్టు, ఒక భుజం మీదుగా జోసిమస్ ఇచ్చిన పాత పైవస్త్రం. పడమటి శిల్పుల దగ్గరికి వచ్చేసరికి జుట్టు పాదాల దాకా పెరిగి ఒళ్లంతా కప్పేసింది. ఆ తర్వాత అదే జుట్టు మగ్దలేనెకూ అంటుకుంది, ఎడారి గుహతో సహా. సువార్తల్లో మగ్దలేనె ఎడారికి వెళ్లిన ఊసే లేదు.

తేల్చుకునే గుర్తు ఒక్కటే. చేతిలో మూడు రొట్టెలుంటే ఈజిప్టు మరియ, పరిమళ తైలపు బుడ్డి ఉంటే మగ్దలేనె. పక్కన సింహం (ఆమె గొయ్యి తవ్వింది అదే), ముసలి సన్యాసి ఉంటే ఇక సందేహమే లేదు. సత్ప్రసాదం ఇచ్చే చిత్రాల్లో జోసిమస్ చేతిలో చెంచా కనిపిస్తుంది. చెంచాతో ఇవ్వడం తర్వాతి కాలపు ఆచారం, మూలంలో ఉన్నది చిన్న పాత్ర మాత్రమే.

#9 తపస్సుకాలం_2
చాలా ఉపయోగం అండి. ఆలయ ద్వారం దగ్గర జరిగింది, ఎడారిలో కలవడం – ఈ రెండూ వరుసగా ఎవరైనా చెప్తారా? అక్కడే ఎక్కువ సమయం పెడదామనుకుంటున్నా.

#10 గ్రీకు_చదువరి
ఎండాకాలంలో లిబియా వాళ్లు, ఈజిప్టు వాళ్లు గుంపుగా సముద్రం వైపు పరుగెత్తడం చూసింది. ఎక్కడికని అడిగితే సిలువ పండుగకు యెరూషలేము అన్నారు. ఓడ కూలికి డబ్బు లేదు, భక్తీ లేదు. ఓడలో జరిగింది ఆమె నోటే సిగ్గుతో చెబుతుంది, మీరు దాటేయవచ్చు.

పండుగ రోజు, అంటే సెప్టెంబరు 14న, జనంతో పాటు ఆలయ ముంగిట్లోకి వచ్చింది. గడప దగ్గరికి రాగానే ఏదో శక్తి వెనక్కి నెట్టింది. మిగతా అందరూ లోపలికి పోతున్నారు. మూడు నాలుగుసార్లు తోసుకెళ్లి చూసింది, అలిసిపోయి ముంగిట్లో ఒక మూల నిలబడింది. ఎందుకు ఆపారో అప్పుడు తోచింది. తలెత్తితే పైన దేవమాత చిత్రం. ఏడ్చి, ఆ తల్లిని పూచీ పెట్టి, సిలువను చూడనిస్తే లోకం వదిలేస్తానని మాట ఇచ్చింది. ఈసారి అడ్డు లేదు. సిలువను ముద్దుపెట్టుకుని మళ్లీ ఆ చిత్రం దగ్గరికే వచ్చింది. "యొర్దాను దాటితే నీకు మంచి విశ్రాంతి దొరుకుతుంది" అన్న మాట వినిపించింది.

ఈ భాగం మీద 8వ శతాబ్దంలో దమస్కు యోహాను అనే వేదాంతి దృష్టి పడింది. ప్రతిమలను కొట్టేయాలన్న వాళ్లకు జవాబుగా ఈ కథను ఉదహరించాడు. కథ అప్పటికే పేరున్నదని దీన్నిబట్టి తెలుస్తుంది.

#11 మఠాల_చరిత్ర
దారి కూడా కలపండి. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తు. యొర్దాను రేవు సముద్రమట్టం కంటే 380 మీటర్లకు పైగా కింద. దూరం రమారమి 35 కిలోమీటర్లు, దాదాపు అంతా దిగుడే. పొద్దున బయల్దేరితే పొద్దుగూకేసరికి చేరొచ్చు, మూలంలోనూ అలాగే చేరింది. నది ఒడ్డున బాప్తిస్మమిచ్చు యోహాను ఆలయంలో ప్రార్థించి, నదిలో ముఖం, చేతులు కడుక్కుని, సత్ప్రసాదం పుచ్చుకుంది. మర్నాడు చిన్న పడవలో ఆవలి ఒడ్డుకు దాటింది.

ఆవలి ఒడ్డు అంటే తూర్పు వైపు, ఈనాటి జోర్డాన్ దేశం. "యూదయ ఎడారిలో తపస్సు" అని రాసేవాళ్లు నది ఇవతలే ఆపేస్తున్నారు.

కలిసిన ఘట్టం: జోసిమస్ 20 రోజులు లోపలికి నడిచాడు. మధ్యాహ్నం, ఆరో గంట ప్రార్థన చేస్తుంటే కుడివైపు మనిషి నీడలా ఏదో కదిలింది. దయ్యమేమోనని సిలువ గుర్తు వేసుకున్నాడు. తర్వాత వెంటపడ్డాడు, ఆమె పరుగెత్తింది. ఎండిన వాగు దగ్గర ఆగి, "అబ్బా (తండ్రీ) జోసిమస్, నేను ఆడదాన్ని, ఒంటి మీద బట్ట లేదు, నీ పైవస్త్రం విసిరెయ్" అని పేరు పెట్టి పిలిచింది. అతడు ముఖం తిప్పుకుని విసిరాడు. ప్రార్థన చేస్తుంటే ఆమె నేలకు మూరెడు ఎత్తున లేచి కనిపించింది.

ఇక్కడ తెలుగు కథలన్నీ పట్టు తప్పేది ఒకటుంది. జోసిమస్ ఆమెను "మరియా" అని పిలుస్తున్నట్టు రాస్తారు. మూలంలో ఆమె పేరు అతడికి తెలియదు. మొదటి కలయికలో తెలియదు, రెండో కలయికలో తెలియదు. చనిపోయాక మట్టి మీద రాతలో చదివి తెలుసుకున్నాడు. మీరు కూడా కథ చివరి దాకా ఆమెను పేరుతో పిలవకుండా చెప్పి చూడండి.

#12 పంచాంగం_పిచ్చి
తేదీల దగ్గరికి నన్ను రానివ్వండి.

ముందు ఒకటి: కథ ఒక్క తపస్సుకాలంలో జరగదు, మూడింటిలో జరుగుతుంది. మొదటి ఏడాది కలయిక. రెండో ఏడాది ఆమె చెప్పినట్టే జోసిమస్ జ్వరం వచ్చి మఠంలో ఉండిపోయాడు, పవిత్ర గురువారం సాయంత్రం సత్ప్రసాదం తీసుకుని యొర్దాను ఒడ్డుకు వచ్చాడు. మూడో ఏడాది వాగు దగ్గర ఆమె దేహం కనిపించింది. చనిపోయింది మాత్రం రెండో ఏడాదే, సత్ప్రసాదం పుచ్చుకున్న రాత్రే. జోసిమస్ 20 రోజులు నడిచిన దూరం ఆమె గంటలో దాటిందని మూలమే చెబుతుంది. ఏడాది పాటు దేహం చెడలేదు, రాత చెరగలేదు. కాబట్టి చనిపోయేనాటికి వయసు 77.

ఆ రాతలో తేదీ ఉంది: ఈజిప్టు లెక్కలో ఫర్మూతి నెల, రోమన్ లెక్కలో ఏప్రిల్ 1, ప్రభువు శ్రమల రాత్రి. ఈ రెండూ ఎప్పుడు కలుస్తాయి? పునరుత్థాన పండుగ ఏప్రిల్ 3న పడితే శుక్రవారం ఏప్రిల్ 1. గురువారం పొద్దుగూకాక రోజు మారిందని లెక్కేస్తే రాత్రి సరిగ్గా ఏప్రిల్ 1 అవుతుంది. జూలియన్ (పాత క్యాలెండరు) లెక్కలో 421లో పండుగ ఏప్రిల్ 3. 522లో కూడా ఏప్రిల్ 3. అందుకే పుస్తకాల్లో ఒకచోట 421, ఒకచోట 522 కనిపిస్తాయి. 421 పట్టుకుంటే పుట్టుక 344, యెరూషలేము ప్రయాణం 373. 522 పట్టుకుంటే 445, 474.

చిన్న తేడా ఒకటి. ఆమె యొర్దాను మీద సిలువ గుర్తు వేసి నీళ్లపై నడిచి వచ్చేటప్పుడు వెన్నెల ఉందని మూలం. 421లో పండుగ తేదీ లెక్కించే పట్టిక ప్రకారం పున్నమి ఏప్రిల్ 2, అంటే ఆ గురువారం రాత్రి చంద్రుడు దాదాపు నిండుగా ఉన్నాడు. 522లో పట్టిక పున్నమి మార్చి 27, గురువారానికి నాలుగు రోజులు దాటి చంద్రోదయం బాగా రాత్రయ్యాక. నా ఓటు 421కే.

#13 అడ్డుప్రశ్న
కథ రాసినవాడు పున్నమి లెక్క చూసి రాశాడా? పండుగ వారం కదా, వెన్నెల ఉంటుందని ఎవరైనా రాస్తారు. ఇదంతా కట్టుకథ అనడానికే ఆధారాలెక్కువ. ఎడారిలో తపసిని వెతుక్కుంటూ ముసలి సన్యాసి వెళ్లడం, సింహం గోతిని తవ్వడం జెరోము రాసిన పౌలు తపసి జీవితంలో ముందే ఉన్నాయి. అక్కడ రెండు సింహాలు, ఇక్కడ ఒకటి.

#14 మఠాల_చరిత్ర
చట్రం జెరోముదే, కాదనను. పున్నమితో చరిత్ర తేలదన్నదీ నిజమే. కానీ లోపలి మనిషి వేరే చోటి నుంచి వచ్చింది. స్కిథోపొలిస్ సిరిల్ 6వ శతాబ్దంలో రాసిన సిరియకస్ జీవితంలో ఒక మరియ ఉంది. యెరూషలేములో పునరుత్థాన ఆలయంలో కీర్తనలు పాడేది. తన వల్ల చాలామంది చెడుతున్నారని భయపడి, ఒక కూజా నీళ్లు, ఒక బుట్టెడు నానేసిన పప్పులు తీసుకుని ఎడారికి వెళ్లిపోయింది. 18 ఏళ్లు నీళ్లూ తరగలేదు, పప్పులూ తరగలేదు. సిరియకస్ శిష్యుడు యోహాను ఇంకొకరితో వెళ్తూ చూశాడు. తిరిగి వచ్చేసరికి గుహలో చనిపోయి ఉంది, అక్కడే పూడ్చి రాళ్లతో మూసేశారు. సింహం లేదు, నీళ్ల మీద నడక లేదు.

#1లో మీరు అడిగిన "పాటలు పాడే" మరియ ఈమె. యోహాను మోస్కస్ కూడా ఇలాంటిదే ఇంకో యెరూషలేము కన్యస్త్రీ గురించి చెబుతాడు, అక్కడా 17 ఏళ్లు వస్తాయి. కథలు కలిసిపోయి పెరిగాయని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. మీరు చెప్పేటప్పుడు ఈ ముగ్గురినీ కలపకండి. కలిపితే గాయని ఓడ ఎక్కి అలెగ్జాండ్రియా నుంచి రావాల్సి వస్తుంది, అది ఎక్కడా లేదు.

#15 కాకినాడ_పాఠకురాలు
సత్ప్రసాదం ఘట్టంలో నాకు నచ్చిన వివరం చెబుతాను. జోసిమస్ బుట్టలో అంజూరాలు, ఖర్జూరాలు, నానేసిన మసూర్లు తెచ్చాడు. ఆమె విశ్వాస సంగ్రహం, పరలోక జపం చెప్పమంది. సత్ప్రసాదం తీసుకున్నాక చేతులెత్తి సిమియోను మాటలు అంది: "నాథా, ఇప్పుడు నీ దాసురాలిని సమాధానంతో పోనివ్వు." అతడు బతిమాలితే వేళ్ల కొసలతో మూడే మూడు మసూరు గింజలు నోట్లో వేసుకుంది. ఆమె జీవితంలో మూలం చెప్పే సత్ప్రసాదాలు రెండే: 48 ఏళ్ల క్రితం యోహాను ఆలయంలో ఒకటి, ఇది ఒకటి.

పూడ్చేటప్పుడు సింహం వచ్చిన కారణం కూడా చాలామంది వదిలేస్తారు. నేల గట్టి, జోసిమస్ ముసలివాడు, చేతిలో ఉన్నది ఒక చిన్న కర్రముక్క. తవ్వలేక చెమటలు కక్కుతుంటే సింహం ఆమె పాదాల దగ్గర నిలబడి ఉంది. అప్పుడు దాన్ని తవ్వమన్నాడు. గోతిలో పెట్టినప్పుడు ఆమె మీద ఉన్నది మూడో ఏడాది కిందట అతడు విసిరిన చిరిగిన వస్త్రమే.

#16 గ్రీకు_చదువరి
"మూడో ఏడాది కిందట" కాదండి, రెండేళ్ల కిందట. మూడు తపస్సుకాలాలంటే మధ్యలో రెండేళ్లే. మిగతాదంతా సరిగ్గా చెప్పారు.

#17 తపస్సుకాలం_2
చదివి వినిపించాలంటే ఎంత పొడుగు? నేను పొడిపొడిగా చెప్పేకంటే చదవడం మేలేమో అనిపిస్తోంది.

#18 మఠాల_చరిత్ర
పూర్తి మూలం చదివితే గంట దాటుతుంది. ఆర్థడాక్స్ వాళ్లు తపస్సుకాలం ఐదో గురువారం ఆరాధనలో, అంటే బుధవారం రాత్రి, క్రేతు ఆంద్రేయ మహా కానన్ అనే పొడవాటి పశ్చాత్తాప కీర్తనతో పాటు దీన్ని రెండు భాగాలు చేసి చదువుతారు. ఐదో ఆదివారం ఆమె స్మరణ.

ఇరవై నిమిషాలకు తెలుగులో రెండు వేల మాటలు ఎక్కువ, 1,800 దగ్గర ఆగండి. మధ్యలో కీర్తన పాడితే ఇంకా తగ్గించాలి. పంచుకోవడం ఇలా: జోసిమస్, మఠం పద్ధతి మూడు నిమిషాలు. కలయిక, పైవస్త్రం మూడు. ఆమె నోటి కథ ఏడు, అందులో అలెగ్జాండ్రియాకు ఒక్క నిమిషం చాలు. ఆమె కూడా చెప్పడానికి వెనకాడింది, అతడు బతిమాలితేనే చెప్పింది. యొర్దాను రాత్రి నాలుగు. మూడో ఏడాది మూడు.

పోరాటం 17 ఏళ్లను "శోధనలు వచ్చాయి" అని తేల్చేయకండి. ఏం గుర్తొచ్చేవో ఆమె పేర్లతో చెప్పింది: మాంసం, ఈజిప్టు చేపలు, ద్రాక్షారసం, పాత పాటలు. తాగడానికి నీళ్లు కూడా లేనిచోట ద్రాక్షారసం కోసం ప్రాణం లాగేదట. వినేవాళ్లకు పట్టుకునేది అదే.

#19 పంచాంగం_పిచ్చి
ప్రకటన బోర్డు మీద తేదీ వేస్తే: రోమన్ కతోలిక క్యాలెండరులో ఇప్పుడు ఏప్రిల్ 1, పాత పుస్తకాల్లో 2 ఉంటుంది. కోప్తుల (ఈజిప్టు క్రైస్తవుల) బరమూదా 6 అంటే ఏప్రిల్ 14. అది వేరే పండుగ కాదు. ఫర్మూతినే వాళ్లిప్పుడు బరమూదా అంటారు. జూలియన్ ఏప్రిల్ 1 ఈ శతాబ్దంలో మన ఏప్రిల్ 14న పడుతుంది.